జెండా కింద ఏమీ లేదు

కిందటి వారం ఈ పేజీలో మా అక్కను పురపాలక సభ హాల్లో, మూడు వందల మంది ముందు, నోట మాట లేకుండా నిలబెట్టి కథ ఆపేశాను. వారం రోజులుగా ఎదురుపడినవాళ్ళంతా నన్ను నిలదీస్తున్నారు. కూరగాయల దుకాణంలో ఒకావిడ తక్కెడ పట్టుకునే అడిగింది, "ఇంతకీ మీ అక్క అబద్ధం చెప్పిందా, లేదా?" అని. చెప్తాను. ఈ వారం దాచుకునేది ఏమీ లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. అక్క అంటే నా తోడికోడలు. ఊరందరికీ టైలరక్క. మా కొట్టులో రెండు మిషన్లు, ఒకటి ఆవిడది, ఒకటి నాది. పదకొండేళ్ళ కిందట ఆవిడ మొదలుపెట్టిన సంఘానికి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, ఊళ్ళో పొదల సంఘం అంటేనే తెలుస్తుంది. కార్యదర్శి ఆవిడే. గిట్టనివాళ్ళు ఇసుక పిచ్చోళ్ళు అంటారు. సముద్రం పక్కన రెండు మైళ్ళ పొడవునా ఉన్న పొదల్ని కాపాడటం, ఆ పొదల ముందు ఇసుకలో తాబేళ్ళు పెట్టే గుడ్లను కాపాడటం మా పని. పొదలు లేకపోతే ఊరి దీపాల వెలుతురు ఒడ్డు మీద పడుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపే సముద్రం అనుకుని రోడ్డు మీదికి పాకుతాయి. ఆ తరవాత ఏమవుతుందో నేను చెప్పను, మీరు అడగకండి.

ఆ పొదలన్నీ కొట్టేసి రోడ్డూ, దీపాల స్తంభాలూ, కార్లు నిలిపే చోటూ కడతామని ఒక షికారు కంపెనీ దరఖాస్తు పెట్టింది. పదేళ్ళపాటు ఆ ఒడ్డు కాపలా మాకే అప్పగించమని మేమూ పెట్టాం. తాబేలు గూళ్ళున్న చోట పొద ముట్టకూడదన్నది ఊరి నియమం. కాబట్టి అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. గూళ్ళున్నాయా, లేవా? గూటికొకటి చొప్పున మేము జెండాలు పాతి ఉంచాం.

చూసి రమ్మని సభ తన సర్వేయర్ని పంపింది. ఆయన ఎవరో కాదు, అక్క సొంత తమ్ముడు. వాళ్ళమ్మ పోయాక అక్కే సాకింది. బళ్ళోకి వేసుకెళ్ళిన ప్రతి చొక్కా ఆవిడ చేతి కుట్టే. అలాంటి తమ్ముడు లేచి, తలెత్తకుండా, కాగితం చూసి చదివాడు.

"జెండాలు పదకొండు. పదకొండింటి కిందా రెండున్నర అడుగుల లోతు తవ్వాను. గుడ్డు గానీ, గుడ్డు పెంకు గానీ కనిపించలేదు."

అక్కడ ఆపాను కదా. ఇప్పుడు వినండి.

హాలంతా గొల్లుమంది. కంపెనీ వకీలు లేచి, కోటు సర్దుకుని, చిరునవ్వుతో, "జెండాలు మాత్రం చక్కగా కుట్టారండీ. అందుకు మెచ్చుకోవాల్సిందే" అన్నాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. మా చేత ఊరికే రవికలు కుట్టించుకున్న మహాతల్లులు కూడా నవ్వారు. వాళ్ళ పేర్లు రాయను గానీ, కొలతలు మాత్రం నాకు నోటికి వచ్చు.

సభ అధ్యక్షురాలు ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్. చేత్తో బల్ల మీద ఒక్కటి కొడితే హాలు సద్దుమణిగింది. "టైలరమ్మా, దీనికి మీరేమంటారు?" అంది.

అక్క నెమ్మదిగా గొంతు సవరించుకుంది. "సర్వేయరు గారు చెప్పింది నిజమేనండీ. జెండాల కింద ఏమీ లేదు."

తమ్ముడు అప్పుడు మొదటిసారి తలెత్తి చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. అందులో కోపం కన్నా సిగ్గు ఎక్కువ ఉంది.

"ఒక్క పది నిమిషాలు టైమివ్వండి. మావాళ్ళతో మాట్లాడి వచ్చి మొత్తం చెప్తాను" అంది అక్క.

"కథ అల్లుకోవడానికా?" అన్నాడు వకీలు.

"మీరు కూర్చోండి" అంది అధ్యక్షురాలు. అక్కతో, "పదే నిమిషాలు" అంది.

మేం నలుగురం వరండాలోకి వచ్చాం. అక్క, నేను, ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు, లైటుహౌసులో ముప్పై ఏళ్ళు దీపం వెలిగించి రిటైరైన తాత. సంఘంలో అరవై మంది ఉన్నా అసలు సంగతి తెలిసింది మా నలుగురికే. అదేంటో ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

మొదటి ఏడాది మేము చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. గూడు కనబడగానే సరిగ్గా దాని నెత్తిన మేకు పాతి, మేకుకి జెండా కట్టాం. గుర్తుండాలి కదా అని. వారం తిరక్కుండా తొమ్మిది గూళ్ళు ఖాళీ. గుడ్లెత్తుకెళ్ళే దొంగలకి వెతుక్కునే శ్రమ లేకుండా మేమే దారి చూపించాం. ఆ ఉదయం అక్క ఖాళీ గుంట పక్కన కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏడ్చి, లేచి, కొట్టుకొచ్చి, కత్తిరింపు ముక్కలు ముందేసుకుని కూర్చుంది. సాయంత్రానికి ఒక పద్ధతి తయారైంది.

జెండా గూడు మీద పాతం. దూరంగా పాతుతాం. ఎంత దూరమో, ఎటు వైపో జెండా అంచు మడతలో ఉంటుంది. మడత విప్పితే లోపల చేతికుట్లు కనిపిస్తాయి. ఒక కుట్టు అంటే ఒక టేపు దూరం. టైలరు టేపు, అంటే అయిదడుగులు. నీలం దారం అయితే సముద్రం వైపు, పచ్చ అయితే పొదల వైపు, ఎరుపు అయితే లైటుహౌసు వైపు, పసుపు అయితే దాని అవతలి వైపు. మూడు టేపులకు మించి ఏ గూడూ ఉండదు. దొంగలు వచ్చి జెండా కింద తవ్వుకుని, నోట్లో ఇసుక కొట్టుకుని పోయేవాళ్ళు. పదేళ్ళలో ఒక్క గూడు కూడా పోలేదు.

అయితే ఒక కట్టుబాటు. ఈ సంగతి ఐదో మనిషికి తెలియకూడదు. కట్టుకున్నవాళ్ళయినా సరే, కన్నవాళ్ళయినా సరే. అక్క మా చేత చేతిలో చెయ్యేయించుకుంది. సర్వేకి తన తమ్ముడే వస్తున్నాడని తెలిసినా ఆవిడ నోరు విప్పలేదు. ఆ మొండితనమే ఇవాళ మా మెడకు చుట్టుకుంది. దొంగల కోసం వేసిన తాళం, తనిఖీకి వచ్చినవాడికి కూడా తియ్యలేదు మేము.

"చెప్పేస్తాను తాతా" అంది అక్క.

తాత చేతికర్ర నేల మీద ఠపీమని కొట్టాడు. "చెప్తే ఇంకేముందమ్మా? ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో గుడ్లు మింగే మొహాలు నాకు నలుగురు కనిపిస్తున్నారు. తొమ్మిది గూళ్ళలో గుడ్లు ఇంకా పిగలలేదు. ఇవాళ చెప్తే రేపటికి ఒక్కటీ ఉండదు."

"చెప్పకపోతే పొదలు పోతాయి. పొదలు పోయాక గూడుండి ఏం చేసుకోను?"

"పాము చావకుండా కర్ర విరక్కుండా ఏదైనా దారి చూడక్కా" అన్నాడు మెకానిక్కు.

"చూశాను. నీ బండిలో పెట్రోలు ఉందా?"

"ఉంది."

"పదకొండింటిలో రెండు గూళ్ళు పిగిలిపోయాయి, పిల్లలు వెళ్ళిపోయాయి. వాటి జెండాలు ఉంచు. మిగతా తొమ్మిది జెండాలూ పీకి తెచ్చెయ్. మేము నడిచి వచ్చేసరికి ఒక్కటీ ఉండకూడదు. మేకులు ఎక్కడున్నాయో సర్వే పటంలో ఉన్నా, అంచు లేకుండా ఎటు తవ్వాలో ఎవడికీ తెలీదు. ఏ గూడు ఎక్కడో నా బుర్రలో ఉంది. రేపటి నుంచి కొత్త పద్ధతి కనిపెడదాం."

మెకానిక్కు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం వరండా కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది.

"ఒక్కటే అర్థం కావట్లేదే" అంది నాతో. "వాడికి చెప్పకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. చుట్టూ పదిహేను అడుగులు గీరి చూడందే కాగితం మీద కలం పెట్టే మనిషి కాదు వాడు. ఒక్క గూడైనా వాడికే దొరుకుతుంది, మన కట్టుబాటు తప్పకుండానే నిజం బయటపడుతుంది అనుకున్నాను. జెండా కింద మాత్రమే తవ్వి ఎలా వెళ్ళిపోయాడు?"

పద పద, టైమైపోతోంది అన్నాను.

మళ్ళీ హాల్లోకి వెళ్ళి అక్క అంతా చెప్పింది. మేకులు, టేపులు, దారాల రంగులు, అన్నీ. చెప్పడం అవ్వగానే వకీలు చప్పట్లు కొట్టాడు.

"పది నిమిషాల్లో ఇంత కథ! అధ్యక్షురాలు గారూ, ఈవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళండీ. జెండా ఉంటే గూడు ఉందన్నారు. జెండా కింద లేదంటే, పక్కన ఉందంటున్నారు. పక్కనా లేకపోతే సముద్రంలో ఉందంటారు."

అక్క ఆయన వైపు చూడనేలేదు. తమ్ముడి వైపే చూసింది.

"సర్వేయరు గారూ, మీరు చూసిందే రాశారు. నేను కాదనను."

ఆయన లేచి నిలబడ్డాడు. ఇంట్లో అయితే ఒక కంచంలో తిన్నవాళ్ళు. ఇక్కడ ఆయన నోట అక్కా అన్న మాట రావట్లేదు.

"కార్యదర్శి గారూ, అబద్ధాలకోరు అక్కకి తమ్ముణ్ణని ఊరందరి ముందూ నా చేతే చదివించారు. రాత్రంతా ఈ కాగితం పట్టుకుని కూర్చున్నాను. రాయకుండా ఉండలేను, రాసి బతకలేను. పక్కన ఉందని ఒక్క ముక్క నా చెవిన వేస్తే మీ సొమ్మేం పోయేది?"

కాగితం మడిచి జేబులో కుక్కుకుని కూర్చున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఊరందరి ముందూ ఆ పనే చేస్తుంటే నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి" అంది అక్క. "అక్క చెప్పింది, తమ్ముడు రాశాడు అనేవాళ్ళు. మీ రిపోర్టుకి చిత్తుకాగితం విలువ కూడా ఉండేది కాదు. ఇవాళ మీరు నాకు వ్యతిరేకంగా రాశారు కాబట్టి మీ మాట అందరూ నమ్ముతున్నారు. ఈ వకీలు గారు కూడా నమ్ముతున్నారు. అందుకని మీరే రండి. మీ చేత్తోనే తవ్వండి. ఏం కనిపిస్తే అదే రాయండి. ఏమీ కనిపించకపోతే ఇవాళే సంఘం మూసేసి, తాళం ఈ బల్ల మీద పెడతాను."

తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తాళం సంగతి వరండాలో అనుకోలేదు. ఆవిడకి ఆవేశం వస్తే అంతే.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఒడ్డు ఎంత దూరం?"

"నడిస్తే పావుగంట."

"నడుద్దాం" అంది.

ఆ నడక మీరు చూడాల్సింది. ముందు అధ్యక్షురాలు, వెనక పన్నెండు మంది సభ్యులు, వాళ్ళ వెనక ఊరు. మార్కెట్ వీధిలో దుకాణాలవాళ్ళు షట్టర్లు సగం దించి గుంపులో కలిశారు. మంగలి షాపులోంచి ఒకాయన సగం గడ్డంతోనే వచ్చేశాడు. మా ఆయన కూడా వచ్చాడు. ఆయన పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఏడాది పొడుగునా మా సంఘం మీద విసుక్కునే మనిషి, ఆ రోజు వర్క్‌షాపు మూసుకుని మరీ హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. పోనీలే, వదిన మీద అభిమానం ఎక్కడికి పోతుంది అని నేను మురిసిపోయాను కూడా.

మబ్బు పట్టి, ఇసుక చల్లబడింది. పొదల పక్కన రెండే జెండాలు ఎగురుతున్నాయి.

"మిగతావి ఏవి?" అన్నాడు వకీలు, బూట్లలో ఇసుక దులుపుకుంటూ.

మెకానిక్కు చంకలో గుడ్డల మూట పెట్టుకుని బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మాసిపోయాయండీ. ఉతకడానికి తీశాను" అన్నాడు. జనం నవ్వారు. ఈసారి మా వైపు నవ్వు.

రెండింటిలో పొదలకు దగ్గరగా ఉన్నదాన్ని అధ్యక్షురాలే ఎంచుకుంది. అయిదు రోజుల కిందట పిల్లలు వెళ్ళిపోయిన గూడది. సర్వేయరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు రోజుల కిందట ఆయన తవ్విన గుంట జెండా కింద ఇంకా కాస్త పల్లంగానే ఉంది. జెండా చేతిలోకి తీసుకుని అంచు మడత విప్పాడు. ఇంచుమించు ఊరంతా వంగింది.

"పచ్చ దారం" అన్నాడు. "రెండు కుట్లు."

"పచ్చ అంటే?" అంది అధ్యక్షురాలు.

"పొదల వైపు. రెండు టేపులు" అని జనమే చెప్పారు.

ఆయన నడుముకున్న స్టీలు టేపు తీయబోయాడు. అక్క తన మెడలోని గుడ్డ టేపు తీసి ఇచ్చింది. "దీంతో కొలవండి. వాడీ వాడీ సాగిపోయింది. మీదాని కన్నా రెండంగుళాలు తేడా వస్తుంది. మా లెక్కలన్నీ దీంతోనే."

ఆయన టేపు పరిచాడు. ఒకటి. మళ్ళీ పరిచాడు. రెండు. అక్కడ వేలితో చిన్న గీత గీసి, చొక్కా చేతులు మడిచి, తవ్వడం మొదలుపెట్టాడు. పార ముట్టుకోలేదు, చేతులతోనే. మణికట్టు దాకా పోయింది. పొడి ఇసుక. మోచేయి దాకా పోయింది. తడి ఇసుక. ఏమీ లేదు. వకీలు గడియారం చూసుకున్నాడు. అక్క పెదవులు కదులుతున్నాయి, ఏం లెక్కపెట్టుకుంటోందో తెలియదు. నాకు మాత్రం అంతవరకూ గుర్తురాని దేవుళ్ళంతా ఒకేసారి గుర్తొచ్చారు.

భుజం దాకా చెయ్యి దించి ఆయన ఆగిపోయాడు. మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళ మధ్య తెల్లటి ముక్క. తడిసిన కాగితంలా మెత్తగా, ఒక పక్కన చిరిగి ఉంది.

"పెంకు" అన్నాడు. పక్కనున్నవాళ్ళకే వినిపించింది. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "గుడ్డు పెంకు!"

ఇక ఆ కేక ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. పొదల్లో పిట్టలన్నీ లేచిపోయాయి. ఆయన తీస్తూనే ఉన్నాడు, అధ్యక్షురాలు ఇసుకలో చతికిలబడి, బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు పెంకుల్ని పది పదిగా పేర్చి లెక్కపెడుతూనే ఉంది. నూట నాలుగు తేలాయి. సరిపోయింది అనుకునేలోపు ఆయన మళ్ళీ చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి, "ఏదో కదులుతోంది" అన్నాడు.

అడుగున ఒక పిల్ల ఉండిపోయింది. తోటివాళ్ళంతా అయిదు రోజుల కిందటే పైకి పోతే, ఇది కింద వేరులో కాలు చిక్కుకుని ఆగిపోయింది. అరచేతిలో సగం కూడా లేదు. బూడిద రంగు, కళ్ళ నిండా ఇసుక. ఆయన దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని నీళ్ళ వైపు పరిగెత్తబోయాడు.

"ఆగరా!" అని అరిచింది అక్క. కార్యదర్శీ లేదు, సర్వేయరూ లేడు. "ఎత్తుకెళ్ళకూడదు. ఒడ్డున దింపు. దాని కాళ్ళ మీద అదే నడవాలి. అప్పుడే దానికి ఈ ఒడ్డు గుర్తుంటుంది."

ఆయన దింపాడు. జనం ఎవరూ చెప్పకుండానే రెండుగా చీలి దారి ఇచ్చారు. అది ఒక్క క్షణం ఊరుకుంది. తరవాత ముందు రెక్కలతో ఇసుకను తోసుకుంటూ బయల్దేరింది. అడుగు వేసి ఆగుతుంది, మళ్ళీ వేస్తుంది. వకీలు బూటు గుర్తు పడిన గుంటలో బోర్లా పడింది. మూడు వందల మంది ఒకేసారి అయ్యో అన్నారు. అదే మళ్ళీ లేచింది. పక్కనుండి చూస్తున్న వకీలు గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. నిజం చెప్పాలంటే ఆయన కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. అల ఒకటి వచ్చి దాన్ని తీసుకుపోయింది. తిరిగి చూస్తే ఇసుక మీద సన్నటి గీత మాత్రం ఉంది.

నాకు ఏడుపొచ్చింది. నాకే కాదు, సగం గడ్డం గీసుకున్న ఆయనకి కూడా వచ్చింది.

అధ్యక్షురాలు చీరకంటిన ఇసుక దులుపుకుని లేచి, "సభ్యులందరూ ఇక్కడే ఉన్నారుగా? హాలుకి మళ్ళీ నడవడం దేనికి? ఈ ఒడ్డు కాపలా పొదల సంఘానికి పదేళ్ళు అప్పగించడం ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి" అంది.

పన్నెండు మందిలో పదకొండు చేతులు లేచాయి. పన్నెండో ఆయన చెయ్యి సగం లేచి, వకీలు మొహం చూసి దిగి, జనం మొహాలు చూసి మళ్ళీ లేచింది. సర్వేయరు తన రిపోర్టు బయటికి తీసి, నిలువునా ఒక గీత కొట్టి, కింద రాశాడు. ఏం రాశాడో గట్టిగా చదివాడు కూడా.

"జెండా కింద వెతకడం నా పొరపాటు. గూళ్ళు ఉన్నాయి."

సంతకం పెట్టాడు. కలం జేబులో పెట్టుకుని, వచ్చి అక్క ముందు నిలబడి, "అక్కా" అన్నాడు. ఆ రోజు మొత్తం మీద మొదటిసారి. ఆవిడ చేతికంటిన ఇసుకతోనే ఆయన తల నిమిరింది. జుట్టంతా ఇసుకైంది. ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ ఏడ్చారు. తాత చేతికర్ర గాల్లోకి ఎత్తి లైటుహౌసు వైపు తిప్పి ఊపుతున్నాడు. పదకొండేళ్ళుగా పిచ్చోళ్ళన్న ఊరే మమ్మల్ని భుజాల మీద ఎత్తుకునేలా ఉంది. మా ఆయన అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతూ, "వదినా, సాధించావు!" అని అరుస్తున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు?

అక్క తమ్ముణ్ణి కాస్త పక్కకి లాగింది. నేను ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళాను.

"ఒరేయ్, ఒక్క మాట అడుగుతా. చుట్టూ గీరి చూడకుండా నువ్వు ఏ పనీ వదలవు కదరా. ఇక్కడెందుకు వదిలేశావు?"

ఆయన వింతగా చూశాడు. "నువ్వే కదక్కా వద్దన్నావు?"

"నేనా?"

"మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. 'మీ అక్క చెప్పమంది. గూడు ఉంటే సరిగ్గా జెండా కిందే ఉంటుంది. చుట్టూ గీరితే మేకు కదిలి గుర్తు పోతుంది, మీ అక్క పరువు పోతుంది. జెండా కింద చూసి ఆపేయండి' అన్నారు. మీ కొట్టు నంబరు నుంచే వచ్చింది. నువ్వే చెప్పించావనుకుని అక్కడితో ఆపేశాను. హాల్లో ఆ మాట ఎత్తితే నీ పరువే పోతుందని ఊరుకున్నాను."

అక్క మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం పోయింది. "గొంతు ఎవరిది?"

"మగగొంతు. జలుబు చేసినవాడిలా ముక్కుతో మాట్లాడాడు."

అక్క మెల్లగా వెనక్కి తిరిగింది. అవతల తాత ఇంకా కర్ర ఊపుతున్నాడు. మెకానిక్కు ఉతకడానికి తీసిన జెండాల్ని జనానికి చూపిస్తూ నవ్వుతున్నాడు. గూడు జెండా కింద ఉండదని తెలిసి, కావాలనే అక్కడ తవ్వించిన మగవాడు. ఆవిడ ఒకరి తరవాత ఒకర్ని చూస్తోంది. పదేళ్ళ నమ్మకం ఆ చూపులో ఒక్కో పోగూ తెగిపోవడం నాకు కనిపిస్తోంది.

"మన నలుగురిలోనే ఎవరో" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

మంగళవారం మధ్యాహ్నం అక్క ఒడ్డు మీద ఉంది. కొట్టులో నేనున్నాను. లైనింగ్ గుడ్డ తేవడానికి మార్కెట్‌కి వెళ్తూ, గంటసేపు చూసుకోమని కొట్టు ఒకరికి అప్పజెప్పి వెళ్ళాను. అంతకు నెల ముందు, నా తెలివి చూసి మెచ్చుకోవాలని ముచ్చటపడి, జెండా అంచు విప్పి కుట్ల లెక్క చెప్పింది కూడా ఆ మనిషికే. చేతిలో వేసిన చెయ్యి గుర్తుండే చెప్పాను. మొగుడే కదా అనుకున్నాను.

గుంపు వైపు చూశాను. ఆయన చప్పట్లు కొడుతూ నా వైపే చూస్తున్నాడు. నా మొహం చూడగానే ఆ చేతులు ఆగిపోయాయి.

తాతవీ మెకానిక్కువీ తలలు ఆ నింద కింద వంగడం నేను చూడలేను. అక్క కొంగు వదిలేశాను.

"నలుగురం కాదక్కా" అన్నాను. "ఐదుగురం."